ఒక సైజు పెద్దది

మా నాన్న నాకు సరిపోయే గౌను జీవితంలో ఒక్కటీ కొనలేదు. తెనాలిలో బట్టల కొట్టతను నన్ను ఎగాదిగా చూసి ఒక సైజు తీస్తే, "ఇంకో సైజు పెద్దది తియ్యండి, ఎదిగే పిల్ల" అనేవాడు. చెప్పులూ అంతే. ముందువైపు పాత పేపరు కుక్కుకుని నడిచేదాన్ని. స్కూలు స్కర్టుకి అమ్మ లోపలివైపు నాలుగు మడతలు పెట్టి కుట్టి, ఏడాదికో మడత విప్పేది. కొత్తగా ఉన్నప్పుడు అది నాకు సరిపోదు, సరిపోయే వేళకి అది కొత్తది కాదు. మా పదో తరగతి గ్రూపు ఫోటోలో భుజాలు ఎక్కడ మొదలవుతున్నాయో తెలియని పిల్ల ఒకతి ఉంటుంది. అది నేనే.

నాన్నది తెనాలిలో సైలెన్సర్ల షాపు. ఇప్పటికీ ఉంది, డెబ్బై దాటినా రోజూ ఆయనే తీస్తాడు. ఇంజనులోంచి పొగ బయటికొచ్చే పైపులు వంచడం, అతకడం ఆయన పని. ఇనప పైపుని ఊరికే వంచితే మడతపడి నొక్కుకుపోతుంది. అందుకని లోపల పొడి ఇసుక కూరి, రెండు చివరలా కొయ్య బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి అప్పుడు వంచుతారు. ఇసుకలో ఏమాత్రం తేమ ఉన్నా ఆవిరి పుట్టి బిరడా ఎగిరి ఎవడి మూతో పగులుతుంది. ఈ కారణం చేత మా షాపు ముందు ఎప్పుడూ రేకు మీద ఇసుక ఎండుతూ ఉండేది. కాకుల్ని తోలక్కర్లేని వడియాలు అనేది అమ్మ.

నాన్న రెండు గొప్పలు చెప్పుకునేవాడు. ఒకటి, ఇన్నేళ్ళలో తను చేసిన పని ఒక్కటి కూడా తిరిగి షాపుకి రాలేదని. రెండోది, తను ఎప్పుడూ ఒక సైజు పెద్ద పైపే వేస్తానని. ఈ రెండో గొప్ప కోసమే జనం వచ్చేవాళ్ళు. మా వైపు మనిషికి ఏదైనా కంటికి ఆనాలి. ఇంటికంటే గేటు పెద్దది, గేటుకంటే దాని మీద రాయించుకున్న పేరు పెద్దది. మోటారు సైకిలు కొన్న ప్రతివాడూ షాపుకొచ్చి, "పెద్ద పైపు వెయ్యి బాబాయ్, వస్తున్నామంటే వీధి చివరికి తెలవాలి" అనేవాడు. నాన్న వెంటనే ఒప్పేసుకుని, ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు.

"బండి ఎక్కడ తిరుగుద్ది?"

నేనేమో ఇదంతా ఊసుపోక అడిగే కబురనుకునేదాన్ని. వచ్చినవాడు అడవులదీవి నుంచి రొయ్యలు తోలతాననో, కాలవ గట్టు మీద పాలు మోస్తాననో చెప్పేవాడు. నాన్న తలూపి, "అయితే ఒక సైజు పెద్దదే వేద్దాం" అనేవాడు. ఎక్కడ తిరిగినా జవాబు ఒకటే అయినప్పుడు అడగడం దేనికో నాకు అర్థమయ్యేది కాదు.

నేను లెక్కల్లో ఫస్టు. ఈ మాట నేను చెప్పుకోవడం లేదు, నాన్న చెప్పేవాడు, షాపుకొచ్చిన ప్రతి ఒక్కరికీ. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి బల్ల మీద కూర్చుని పైపు చుట్టుకొలత, లోపలి వైశాల్యం అన్నీ కట్టి కాగితం మీద రాసి ఇచ్చేదాన్ని. ఆయన ఆ కాగితాన్ని అందరికీ చూపించి, "చూశారా, మా అమ్మాయి!" అని మురిసిపోయి, పక్కన పెట్టి, బొటనవేలూ చూపుడువేలూ చాపి పైపుని కొలిచి కోసేసేవాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు కదా. నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు చదివాను, బాపట్లలో ఇంటర్ పిల్లలకి పాతికేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, జిల్లా పిల్లల్లో సగం మంది నేను కట్టిన లెక్కలతో పరీక్షలు పాసయ్యారు. మా నాన్న చేత మాత్రం ఒక్క లెక్క ఒప్పించలేకపోయాను. నవ్వితే నవ్వండి, యాభయ్యో పడిలో పడబోతున్న ఆడదానికి కూడా ఆ కోరిక ఒకటి ఉంటుంది. ఒక్కసారి, నా అంకె మీద ఆయన రంపం పెడితే చాలు అనుకునేదాన్ని.

ఆ అవకాశం మా ఆయన రూపంలో వచ్చింది.

మా ఆయన మంచివాడే. బాపట్లలో ఎరువుల కొట్టు, రేపల్లె దగ్గర వాళ్ళ ఊళ్ళో పొలం. ఇవి చాలవన్నట్టు మూడేళ్ళ క్రితం ఎక్కడో పాడుబడి ఉన్న పాత పెట్రోలు జీపు ఒకటి కొనుక్కొచ్చి, రంగులు వేయించి, ముందు బంతిపూల దండ వేసి ఇంటికి తెచ్చాడు. నాకు పెళ్ళినాడు వేసిన దండ కూడా అంత లావు లేదు. ఆరు నెలలు తిరిగేసరికి దాని ఇంజనుకి పక్కన ఉండే పోత ఇనప మానిఫోల్డు పగిలింది. నాలుగు సిలిండర్ల పొగనీ ఒకచోటికి చేర్చేది అదే. దాని బదులు నాలుగు విడివిడి పైపులు వంచి ఒకదాంట్లో కలిపితే జీపు గుర్రంలా పరిగెడుతుందని ఆయన ఫోనులో వీడియోలు చూశాడు. హెడర్ పైపులంటారు వాటిని. ఆ వీడియోల్లో కార్లు ఇసుక ఎడారుల్లో గాల్లోకి ఎగురుతున్నాయి.

"మావయ్యగారి చేత రెండంగుళాల పైపులు వేయిద్దాం" అన్నాడు.

"రెండంగుళాలు దేనికండీ?"

"పెద్దదైతే పొగ ఫ్రీగా పోద్ది. పొగ ఫ్రీగా పోతే పవరు."

అప్పుడు నేను వంటింట్లో ఉన్నదాన్ని ఉన్నట్టే బయటికొచ్చి పాఠం మొదలుపెట్టాను. చిన్నప్పుడు కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం చూడలేదా మీరు? సన్నటి గొట్టం పెట్టి ఊదితే గాలి ఈడ్చి కొడుతుంది, మంట లేస్తుంది. దాని బదులు డ్రైనేజీ గొట్టం మూతికి పెట్టుకుని ఊదితే బుగ్గలు నొప్పి తప్ప పొయ్యి మండదు. ఇంజనూ అంతే. పైపు సన్నగా ఉంటే పొగ వడిగా పోతుంది, పోతూ పోతూ వెనక మిగిలిన పొగని కూడా లాక్కుపోతుంది, ఇంజను తక్కువ తిరుగుడులో కూడా బరువు లాగుతుంది. మరీ సన్నమైతే స్పీడులో ఊపిరాడదు, నిజమే. అందుకే ఇంజను ఎంత స్పీడులో బతుకుతుందో చూసి పైపు పెట్టాలి. మనం గొప్పగా చెప్పుకునే స్పీడుకి కాదు.

మా ఆయన అంతా శ్రద్ధగా విని, "కూర మాడుతున్నట్టుంది" అన్నాడు.

మా జీపు బతికే స్పీడు ఎంతో నాకు బాగా తెలుసు, పక్క సీట్లో కూర్చునేది నేనే కాబట్టి. బాపట్ల నుంచి తెనాలి వెళ్ళాలంటే ఊరికో నాలుగు స్పీడు బ్రేకర్లు, రోడ్డు మీద సగం దాకా ఆరబోసిన ధాన్యం, మిగిలిన సగంలో గడ్డి ట్రాక్టరు. మూడో గేరు పడేసరికి గేదె వస్తుంది. గేదె దాటేసరికి రైలు గేటు పడుతుంది. ఆ వీడియోలోవాడు చెప్పిన తిరుగుడుని మా జీపు కొన్నాక ఒక్కసారే అందుకుంది, అదీ ఇంటి ముందు న్యూట్రల్‌లో పెట్టి మా ఆయన ఎదురింటాయనకి సౌండు వినిపించినప్పుడు.

కాబట్టి జవాబు పత్రాల అడిషనల్ షీటు ఒకటి తీసి, సిలిండరు కొలతా, మా రోడ్ల మీద వచ్చే తిరుగుడూ వేసి, లెక్క కట్టాను. ఒకటీ పాయింటు రెండు ఎనిమిది అంగుళాలు వచ్చింది. కింద రెండు గీతలు గీశాను.

ఆ ఆదివారం తెనాలి వెళ్ళాం. షాపులో నాన్నా, టీ తాగుతూ ముగ్గురు నలుగురు పాత ఖాతాదార్లూ ఉన్నారు. మా ఆయన్ని చూడగానే నాన్న లేచి నిలబడి, ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీని కండువాతో దులిపాడు. "రండి అల్లుడుగారూ, కూర్చోండి. ఎండనపడొచ్చారు, మజ్జిగ తెప్పించమంటారా?" నన్ను చూసి, "నువ్వా బల్ల మీద సర్దుకో అమ్మాయ్" అన్నాడు.

మా ఆయన రెండంగుళాల సంగతి చెప్పాడు. నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"తప్పకుండా. నేను అదే అందామనుకుంటున్నా. మీ జీపుకి ఆమాత్రం ఉండొద్దూ? రెండంగుళాలే వేద్దాం." ఆ తర్వాత మామూలుగానే, "బండి ఎక్కడెక్కడ తిరుగుద్ది?" అన్నాడు.

"బాపట్ల, రేపల్లె, మధ్యలో మీ ఊరు. ఆదివారాలు సూర్యలంక."

"ఇసకలో కూడానా? సరే సరే."

నేను కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాను. నాన్న కళ్ళజోడు పైకి తోసి చదివాడు. అందరికీ వినపడేలా, "ఒకటి చుక్క రెండు ఎనిమిది!" అన్నాడు. "చుక్క తర్వాత అంకెలకి ఏ కొట్లో పైపు దొరుకుద్దమ్మా?"

టీ తాగుతున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. మా ఆయన కూడా నవ్వాడు. మామగారి షాపులో మర్యాదగా నవ్వాల్సినదానికంటే కొంచెం ఎక్కువే నవ్వాడు.

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఆ రోజు దిగి నాలుక మీదికొచ్చింది. "దొరకదు నాన్నా, నీ షాపులో దొరకదు. చిన్నప్పుడు నాకు గౌన్లు కొన్నట్టే ఇంజనుకీ కొంటావు నువ్వు. ఇంజను ఎదిగే పిల్ల కాదు. జీవితంలో ఒక్క కొలతైనా సరిగ్గా తీసుకున్నావా? పని తిరిగి రాలేదు తిరిగి రాలేదు అంటావు. ఇది వస్తుంది, చూస్తూ ఉండు. ఇసుకలో మొదటిరోజే ఆగిపోయి, తాడు కట్టి లాక్కొస్తారు నీ షాపుకే."

ఎవరూ నవ్వలేదు. ఒకాయన టీ గ్లాసు కింద పెట్టేసి, పనుందని చెప్పి వెళ్ళిపోయాడు. నాన్న నా వంక చూడలేదు. నా కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని నలిపి, దాంతో చేతులకున్న గ్రీజు తుడుచుకుని, "వారం పట్టుద్ది అల్లుడుగారూ" అన్నాడు.

నా చెంప పగలకొట్టినా నాకు అంత బాధ ఉండేది కాదు. నా లెక్కతో గ్రీజు తుడుచుకున్నాడు మా నాన్న.

ఆ తర్వాత మాకు మాటల్లేవు. మాటల్లేవంటే ఫోనులు ఆగాయని కాదు. అమ్మ ఫోను చేసి స్పీకరు పెట్టేది. "మీ నాన్న నీకు జొరం తగ్గిందా అని అడుగుతున్నాడే" అనేది. పక్కనుంచి ఆయన, "నేనడగలేదు" అనేవాడు. "తగ్గిందని చెప్పు" అనేదాన్ని నేను. ఇలా నాలుగు నెలలు నడిచింది. అమ్మ ఒకరోజు, "మీ ఇద్దరి మధ్యా నేను టెలిఫోను స్తంభంలా నిలబడలేను" అని విసుక్కుంది.

జీపు మాత్రం తయారై వచ్చింది. నాలుగు పైపులూ నాలుగు అరటి బోదెల్లా ఉన్నాయి. మా ఆయన బానెట్ ఎత్తి వీధి వీధంతా చూపించాడు. నేను వాటిని చూసినప్పుడల్లా పళ్ళు నూరుకుని, తర్వాత ఒకరోజు నా కసి తీర్చుకునే మార్గం కనుక్కున్నాను. క్లాసులో గొట్టాల్లో ప్రవాహం పాఠం వచ్చింది. బోర్డు మీద రెండంగుళాల పైపు గీసి, "ఇది తెనాలిలో ఒక పెద్దమనిషి చేసిన తప్పు" అని మొదలుపెట్టి, వడి ఎలా చచ్చిపోతుందో అంకెలతో సహా నిరూపించి, "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాళ్ళు ఇలాంటి పైపులే వేస్తారు" అన్నాను. పిల్లలు బాగా నవ్వారు. రెండు సెక్షన్లలోనూ చెప్పాను. ఆ పెద్దమనిషి ఎవరో మాత్రం చెప్పలేదు, నాకూ సిగ్గనేది ఉంది.

తర్వాత ఒక ఆదివారం సూర్యలంక వెళ్ళాం. అక్కడ ఆదివారం ఆదివారం ఒక తంతు జరుగుతుంది. గుంటూరు నుంచో తెనాలి నుంచో ఎవరో ఒకరు కొత్త కారుకి సముద్రం చూపించాలని ఇసుకలోకి దింపుతారు. కారు కూరుకుపోతుంది. జాలర్ల పేటలో వాళ్ళు వచ్చి చుట్టూ నిలబడి సలహాలిస్తారు. ఆ రోజు తెల్ల కారొకటి ఇరుసుల దాకా దిగబడి ఉంది. మా ఆయన ఇలాంటి రోజు కోసమే జీపు కొన్నట్టు లుంగీ ఎగ్గట్టి, తాడు తీసుకుని బయల్దేరాడు.

నేను నిజం చెప్తాను. జీపు ఆగిపోవాలని సముద్రం ఎదురుగా నిలబడి మొక్కుకున్నాను. మొగుడు నలుగురిలో నవ్వులపాలు కావాలని మొక్కుకున్న ఇల్లాలు ఇంకెవరైనా ఉంటే నాకు తెలియదు. కానీ నా లెక్క గెలవాలి. ఇసుకలో, తక్కువ తిరుగుడులో, అంత బరువుతో, రెండంగుళాల పైపులతో ఏ ఇంజనూ లాగదు. ఫిజిక్సు ఒప్పుకోదు.

ఫిజిక్సు ఒప్పుకోలేదేమో గానీ జీపు ఒప్పుకుంది. మొదటి గేరులో, అరుపూ లేదు మొరటుతనమూ లేదు, డుగ్ డుగ్ డుగ్మంటూ, బియ్యం బస్తా ఈడ్చినట్టు కారుని గట్టు మీదికి ఈడ్చేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా ఆయన జీపు దిగి నా దగ్గరికి వచ్చి, "మావయ్యగారి చెయ్యి!" అన్నాడు. ఆ రెండు మాటలే చాలనుకున్నాడు.

ఇంటికొచ్చి లెక్క మళ్ళీ కట్టాను. అదే వచ్చింది. మూడోసారి వేరే పద్ధతిలో కట్టాను. పాయింటు తర్వాత ఒక అంకె మారింది, అంతే. పాతికేళ్ళుగా పిల్లలకి చెప్తున్నది తప్పా అని ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు. మా ఆయన మాత్రం రెండుసార్లు పెరుగు వేయించుకున్నాడు.

వానలు వెనకబట్టాక, మా ఆయన పొలం గట్టు మీద జారి కాలు బెణికించుకుని రేపల్లె దగ్గర మా అత్తగారింట్లో మంచం ఎక్కాడు. నేను జీపు తీసుకుని మందులకి రేపల్లె వెళ్ళాను. కరకట్ట దిగుతుంటే ముందు నుంచి గలగలమని చప్పుడు మొదలైంది, డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు. లోపల నాకు సంతోషం పొంగింది, దాచడం దేనికి. వచ్చింది, పని తిరిగొచ్చింది! కానీ తెనాలి దాకా పోయేలా లేదు. రేపల్లెలోనే ఒక వెల్డింగు షాపు ముందు ఆపాను.

ఆ షాపతనికి నా వయసే ఉంటుంది. బానెట్ ఎత్తి ఒక్క చూపు చూసి, నా వైపు తిరిగాడు.

"ఇది మా గురువుగారి పని. మీరు ఆయన అమ్మాయి కదండీ? నేను పెళ్ళికి ముందు తెనాలిలో ఆరేళ్ళు ఆయన దగ్గర చేశా. మీరు పెద్ద స్కర్టు వేసుకుని బల్ల మీద కూర్చుని లెక్కలు చేసేవాళ్ళు."

మనిషి గుర్తులేడు గానీ, స్కర్టు గుర్తు చెప్పాక కాదనడానికి లేకపోయింది. "ఏమైందండీ దీనికి?" అన్నాను.

"ఏం కాలేదక్కా. సముద్రం గాలికి పై గొట్టం తుప్పుపట్టి అతుకూడింది. అదే మోగుతుంది. లోపలిది శుభ్రంగా ఉంది."

"లోపలిదేంటి?"

అతను నా మొహం చూసి నవ్వబోయి ఆగాడు. "మీకు తెలీదా? నిజంగా?"

పైపుల్ని బోల్టులు విప్పి బయటికి తీసి, తుప్పుపట్టిన చోట కోసి చూపించాడు. రెండంగుళాల గొట్టం ఉత్త తొడుగు. దాని లోపల, చుట్టూ ఖాళీ వదిలి, సన్నటి పైపు ఇంకొకటి ఉంది. పొగంతా పోయేది అందులోంచే.

"పైన చొక్కా, లోపల బనీను" అన్నాడు. "మీ నాన్నగారి దగ్గర చేసిన పనులన్నీ ఇంతేనండి. వచ్చినోళ్ళంతా పెద్దదే కావాలంటారు. వద్దంటే పక్క షాపుకి పోతారు. పెద్దది వేస్తేనేమో బండి లాగదు, పని తిరిగొచ్చుద్ది. అందుకని బండి ఎక్కడ తిరుగుద్దో కనుక్కుని లోపల సరైంది వేసి, పైన ఆళ్ళ కంటికి ఆనేది తొడుగుతారు. ఎవరికీ చెప్పరు. మా చేత కూడా ఒట్టేయించుకున్నారు. మీరు ఇంట్లో మనిషని చెప్తున్నా."

నేను బల్ల మీద కూలబడ్డాను. అంటే నలభై ఏళ్ళుగా తెనాలి చుట్టుపక్కల వీధులు అదరగొట్టుకుంటూ తిరిగిన మగవాళ్ళంతా మా నాన్న కుట్టిన మడతల స్కర్టులు వేసుకునే తిరిగారన్నమాట. నేనొక్కదాన్నే కాదు.

అతను సన్న పైపు మూతికి కొలత పెట్టి చూసి, "ఇదేంటో చిత్రంగా ఉందే" అన్నాడు. "జీపులకి లోపల ఎప్పుడూ ఒకటిన్నర వేస్తారు ఆయన. ఇది ఒకటింపావు. ఎందుకు తగ్గించారో మరి." పైపుల్ని ఇంజనుకి బిగించే మందపాటి రేకుని ఫ్లాంజి అంటారు. దాని లోపలి ముఖాన్ని తీగ బ్రష్షుతో రుద్దాడు. "సైజు ఎంతో ఇక్కడ అంకెల పంచితో అచ్చు కొట్టుకుంటారు, తనకి గుర్తుగా. ఆగండి... ఒకటి, చుక్క, రెండు, ఎనిమిది. ఇదేంటక్కా? తారీఖా?"

నేను లేచి చూశాను. మసి కింద, వేలితో తడిమితే తగిలేంత లోతుగా ఉన్నాయి అంకెలు. చుక్క కూడా ఉంది. ఆ చుక్క కోసం ఆయన వేరే పంచి వెతికి, వేరేగా ఒక దెబ్బ వేసి ఉండాలి. గ్రీజు తుడుచుకున్న ఆ కాగితాన్ని మళ్ళీ విప్పి, కళ్ళజోడు సర్దుకుని, గ్రీజు మరకల మధ్య నా అంకె వెతుక్కుని ఉండాలి. నాకు ఏడుపొచ్చింది. వెల్డింగు షాపులో అదొక సౌకర్యం, కళ్ళు నీళ్ళు కారితే ఎవరూ కారణం అడగరు.

"తారీఖే" అన్నాను. "పైన మళ్ళీ రెండంగుళాలదే తొడగండి."

"అల్లుడుగారికి చెప్పరా?"

"ఆయనది రెండంగుళాల జీపు. మీరు కూడా మీ ఒట్టు మర్చిపోకండి."

నిజానికి ఆ పూటే తెనాలి వెళ్ళాలి. వెళ్ళలేదు. తప్పు ఒప్పుకోవాలంటే నాకు కాళ్ళు బరువెక్కుతాయి, అది నాన్న పోలికే. సోమవారం క్లాసులో మాత్రం బోర్డు మీద రెండు గొట్టాలు గీశాను, ఒకదాని లోపల ఒకటి. తెనాలి పెద్దమనిషి తప్పు చెయ్యలేదని, తప్పు నాదేనని రెండు సెక్షన్లలోనూ చెప్పాను. ముందు బెంచీలో అమ్మాయి చెయ్యెత్తి, "మరి పరీక్షలో ఏది రాయాలి మేడమ్?" అంది.

తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే షాపుకి వెళ్ళాను. నాన్న పేవ్‌మెంటు మీద గొంతుక్కూర్చుని రేకు మీద ఇసుక తిరగేస్తున్నాడు. నన్ను చూసి, పక్కన అమ్మ లేదు కాబట్టి, నేరుగా మాట్లాడక తప్పలేదు.

"జీపు ఆగిపోయిందా?" అన్నాడు.

"లేదు. సూర్యలంకలో కారుని లాగింది."

"ఊఁ."

"నాన్నా, లోపల ఒకటింపావు వేశావట."

ఇసుకలో వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి. "ఎవడు చెప్పాడు? ఆ రేపల్లెవాడేనా? నోట్లో నువ్వుగింజ నానదు వాడికి."

"ఎప్పుడూ ఒకటిన్నర కదా వేసేది?"

"స్టాకులో అదే ఉందమ్మా."

"మరి నన్ను అంతమందిలో నవ్వులపాలు చెయ్యడం దేనికి? ఆ తిట్లన్నీ తినడం దేనికి? ఒక్క మాట చెప్పి ఉంటే..."

"అల్లుడుగారు రెండంగుళాలు అడిగారు. పక్కన కూర్చున్నారు. నీ లెక్కే రైటంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారు?" అని లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. "నువ్వంటే నా కూతురివి. తిడతావు, పోతావు, మళ్ళీ వస్తావు."

"ఫ్లాంజి మీద అంకెలు చూశాను" అన్నాను.

"ఏ అంకెలు?"

"చుక్కతో సహా ఉన్నాయి."

"కళ్ళు సరిగ్గా ఆనట్లేదు ఈ మధ్య. పంచి జారి తగిలుంటది" అన్నాడు మా నాన్న. పంచి జారి, వరసగా, నాలుగు సార్లు.

ఇంతలో నడివయసాయన ఒకడు పాత మోటారు సైకిలు ఆపి దిగాడు. పెద్ద పైపు కావాలన్నాడు, వస్తుంటే వీధంతా తెలవాలన్నాడు. "తప్పకుండా వేద్దాం" అన్నాడు నాన్న. "బండి ఎక్కడ తిరుగుద్ది?"

"రేపల్లె నుంచి అడవులదీవి అండి. చేపల బుట్టలు."

"అయితే ఒక సైజు పెద్దదే వేద్దాం." ఈ మాట గట్టిగా అని, ఆయనకి వీపు తిప్పి, చొక్కా జేబులోంచి పెన్సిలూ, సిమెంటు బస్తా కాగితం ముక్కా తీసి నా వైపు బల్ల మీదికి తోశాడు. ముప్పై ఐదేళ్ళ తర్వాత మళ్ళీ లెక్క కట్టడానికి ఆ బల్ల మీద ఎక్కి కూర్చున్నాను. ఇంజను కొలత అడిగాను, లెక్క కట్టాను. ఈసారి ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక, వచ్చిన అంకెని దగ్గర్లో కొట్లో దొరికే పైపు సైజుకి సర్ది, శుభ్రంగా అదొక్కటే రాసి ఇచ్చాను.

నాన్న కళ్ళజోడు పైకి తోసి కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. నా వంక చూశాడు.

"చుక్కేదమ్మా?" అన్నాడు.